‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఏ ముద్రణలో వినాలి? వేగం సరిచేసిన రీమాస్టరా, పాత ఎల్పీనా?

తంబూర:

ఈ ప్రశ్న చాలా రోజులుగా నన్ను తొలుస్తోంది. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ నా దగ్గర రెండు రూపాల్లో ఉంది. ఒకటి 1980లలో అచ్చయిన ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు), మా పెదనాన్న అమెరికా నుంచి వస్తూ తెచ్చింది. రెండోది 1997 నాటి రీమాస్టర్, అంటే పాత టేపు నుంచి ధ్వనిని మళ్లీ సరిచూసి తీసిన సీడీ. ఏది మేలని ఎవరిని అడిగినా ఎల్పీ వెచ్చగా ఉంటుందనీ సీడీ శుభ్రంగా ఉంటుందనీ చెబుతారు. ఆ మాటలతో నాకు తృప్తి కలగలేదు.

నేను చిన్నప్పటి నుంచి వయొలిన్ వాయిస్తున్నాను. నిన్న రాత్రి శ్రుతిపెట్టెను రెండు శ్రుతికి, అంటే పాశ్చాత్యుల డి స్వరానికి పెట్టి ‘సో వాట్’ వేశాను. ఆ రచన డి ఆధారంగా డోరియన్ వరుసలో నడుస్తుంది. మన లెక్కలో ఆ స్వరాలు ఖరహరప్రియవే. మధ్యలో ఎనిమిది బార్లు (తాళపు ఆవర్తాలు) మాత్రం రెండున్నర శ్రుతికి జరిగి మళ్లీ రెండుకు దిగుతుంది. పాల్ చేంబర్స్ బేస్ మీద ప్రశ్న వేసినట్టు ఒక పలుకు పలికిస్తాడు, బిల్ ఎవాన్స్ పియానో రెండు దెబ్బలతో జవాబు చెబుతుంది. సీడీలో బేస్ షడ్జమం మీదికి వచ్చిన ప్రతిసారీ ఆ స్వరం శ్రుతిపెట్టెలో కరిగిపోయింది. ఎల్పీలో కరగలేదు. కాస్త పైన నిలబడి శ్రుతితో రాపిడి పెట్టుకుంది.

కారణం తెలిసిందే. 1959 మార్చి 2న న్యూయార్కులో 30వ వీధిలోని కొలంబియా స్టూడియోలో, అంటే ఒకప్పటి చర్చి భవనంలో, మొదటి వైపు మూడు రచనలు రికార్డు చేశారు. ఆ రోజు ప్రధాన టేపు యంత్రం ఉండాల్సిన దానికంటే నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కిన టేపును సరైన వేగంతో ఆడిస్తే సంగీతం వడిగా, హెచ్చు శ్రుతిలో వస్తుంది. పక్కనే జాగ్రత్త కోసం తిప్పిన రెండో యంత్రం మాత్రం సరిగానే ఉంది. ఆ టేపు నుంచి 1992లో బంగారు పూత సీడీ తీశారు. 1997 ముద్రణ కూడా సరైన వేగంలోనే ఉంది. అంటే 33 ఏళ్లపాటు లోకమంతా మొదటి వైపును తప్పు శ్రుతిలో విన్నది. నా మటుకు నాకు రీమాస్టరే అసలైన రికార్డు. కాదనేవారు ఎందుకో చెప్పండి.

గాడిముల్లు:

కాదనేవాడిని నేనున్నాను. ముందుగా ఒక సందేహం. మీ టర్న్‌టేబుల్ సరైన వేగంతో తిరుగుతోందని ఎలా తెలుసు? బెల్టు సాగినా, మోటారు వడి పెరిగినా శ్రుతి మారుతుంది. నేరం రికార్డు మీద మోపేముందు పళ్లెం సంగతి చూడాలి కదా.

అసలు విషయానికి వస్తాను. మీరు తప్పు అంటున్న ఆ శ్రుతిలోనే ఈ ఆల్బమ్ పుట్టి పెరిగింది. రెండు తరాల వాద్యకారులు ఆ ఎల్పీ పక్కన కూర్చొని స్వరం స్వరం పట్టుకున్నారు. మైల్స్ 1991 సెప్టెంబరులో కన్నుమూశాడు, సరిచేసిన ముద్రణ వచ్చింది 1992లో. ఆయన బతికినంత కాలం జనం చేతిలో ఉన్నది పాతదే. దాన్ని ఈ రోజు తప్పని పక్కన పెట్టే అధికారం మనకు ఎక్కడిది?

పైగా 1997 నాటిది ఉత్త రీమాస్టర్ కాదు. మూడు ట్రాకుల అసలు టేపు తీసుకొని మళ్లీ కొత్తగా మిక్స్ చేశారు. ఏ వాద్యం ఎంత ముందుకు రావాలి, ప్రతిధ్వని ఎంత ఉండాలి అన్నది 1959లో రికార్డింగు ఇంజనీరు ఫ్రెడ్ ప్లాట్ కూర్చున్న బల్ల దగ్గర ఒకసారి తేలిపోయింది. దాన్ని 38 ఏళ్ల తర్వాత ఇంకొకరు తేల్చారు. ఎంత శ్రద్ధగా చేసినా, ఆనాటి పద్ధతిలోనే వాల్వుల టేపు యంత్రం తెచ్చి చేసినా, అది ఇంకొకరి చేయి. పాత ఇంటికి సున్నం వేయడం వేరు, గోడలు జరపడం వేరు.

తంబూర:

గాడిముల్లు గారూ, వేగం గురించి మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. పరీక్షించే దారి ఆ ఎల్పీలోనే ఉంది. రెండో వైపు పాటలు 1959 ఏప్రిల్ 22న రికార్డు చేసినవి, ఆ రోజు యంత్రం సరిగా తిరిగింది. అందుకని అదే పళ్లెం మీద రికార్డు తిరగేసి ‘ఆల్ బ్లూస్’ వేశాను. అది జి ఆధారంగా ఉంటుంది కాబట్టి శ్రుతిపెట్టెను ఐదు శ్రుతికి మార్చాను. చక్కగా కలిసింది. మళ్లీ తిరగేసి మొదటి వైపు వేస్తే మళ్లీ తేడా. నా టర్న్‌టేబులే వడిగా తిరుగుతుంటే రెండు వైపులూ హెచ్చుగా రావాలి. మూడుసార్లు తిరగేశాను, మూడుసార్లూ ఇదే ఫలితం.

కొత్తగా మిక్స్ చేశారన్న మాట ఒప్పుకుంటాను. నేను రెండు విషయాలను ఒకే మూటలో కట్టేశాను. శ్రుతి సరిదిద్దడం ఒక సంగతి, వాద్యాల పాళ్లు మార్చడం ఇంకొక సంగతి. మొదటిదాని విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. ఆ రోజు గదిలో ఉన్న ఏడుగురూ వాయించింది ఆ శ్రుతి కాదు. కోల్ట్రేన్ శాక్సఫోన్ లోహపు గొంతు వేగం పెరిగితే సన్నబడుతుంది. అది ఆయన గొంతు కాదు.

పాతటేపు:

గాడిముల్లు గారి వాదన ప్రకారం రికార్డు చేసిన మనిషే తీర్పరి. అలాగైతే ఒక చిక్కు ప్రశ్న అడుగుతాను. అదే మనిషి తిరిగి వచ్చి రీమాస్టర్ చేస్తే?

జాజ్ రికార్డింగు ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ సంగతి చెబుతున్నాను. వృత్తిరీత్యా కళ్లు పరీక్షించే వైద్యుడు. న్యూజెర్సీలోని హ్యాకెన్‌శాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదినే స్టూడియోగా మార్చి బ్లూ నోట్ అనే జాజ్ రికార్డు కంపెనీకి ఎన్నో ఆల్బములు రికార్డు చేశాడు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. 1999 నుంచి ఆ పాత టేపుల్లో ఎన్నింటినో తానే డిజిటల్‌లోకి మార్చాడు, ఆయన పేరిటే ఆ సీడీల వరుస వచ్చింది. ఆనాటి వాద్యకారులు తమ సంగీతం ఎలా వినిపించాలని కోరుకున్నారో తనకు గుర్తుందనీ, తాను వాళ్ల దూతననీ ఆ సీడీల మీద రాసుకున్నాడు. ఇంతకంటే పెద్ద సాక్షి ఎవరుంటారు?

అయినా ఆ వరుసలో నేను విన్న చాలా సీడీలు నా చెవికి నచ్చలేదు. డ్రమ్ముల వాద్యకారుడు ఆర్ట్ బ్లేకీ ఆల్బమ్ ‘మోనిన్’ తీసుకోండి. లీ మోర్గన్ ట్రంపెట్ ముఖం మీదికి దూసుకొస్తుంది, డ్రమ్ముల పక్కన ఉండే తాళాల (సింబల్స్) మోత గరుకుగా ఉంటుంది. మెల్లగా ఉండాల్సిన చోటికీ గట్టిగా ఉండాల్సిన చోటికీ మధ్య ఎడం తగ్గిపోయింది. 1990ల చివర సీడీలన్నీ ఒకదాన్ని మించి ఒకటి గట్టిగా మోగాలన్న పోటీ నడిచింది, ఆ గాలి వీటికీ సోకిందని నా నమ్మకం. అప్పటికి ఆయనకు దాదాపు 75 ఏళ్లు. ఆ వయసులో ఎవరి చెవికైనా పై స్వరాలు తగ్గి వినిపిస్తాయి. గొప్ప మనిషి మీద గౌరవం తగ్గకుండానే ఈ మాట అంటున్నాను.

ఇంకొక మాట. ఆయన తీసిన తొలి ఎల్పీలు కూడా టేపుకు అద్దాలు కావు. చవక రికార్డు ప్లేయర్ల ముల్లు గాడి తప్పి ఎగరకుండా కింది స్వరాలను తగ్గించి, ధ్వనిని కొంత నొక్కి గాడి కోసేవాడు. కాబట్టి తొలి ఎల్పీ వింటే టేపు విన్నట్టేనని అనుకోవద్దు. 2019లో మొదలైన బ్లూ నోట్ వారి టోన్ పోయెట్ ఎల్పీల వరుసలో ఇంజనీరు కెవిన్ గ్రే అవే టేపుల నుంచి గాడి కోస్తే, అంతకుముందు ఎల్పీలో వినని బేస్ బయటికొచ్చింది. గ్రే ఆ రోజు గదిలో లేడు. టేపులో ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలిపెట్టాడు, నాకు అంతే కావాలి.

సాయంత్రంశ్రోత:

నేను జాజ్‌కు కొత్త. ఇంత లోతు తెలియదు. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఒక్కటి కొనాలంటే ఏది కొనమంటారు?

పాతటేపు:

1997 నాటి కొలంబియా లెగసీ సీడీ కొనండి. పాత సరుకు దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. అట్టమీద ఏ టేపు నుంచి తీశారో ఒక్క ముక్క రాయకుండా, చవకగా అమ్మే ఐరోపా ఎల్పీల జోలికి వెళ్లకండి. అక్కడ పాత చట్టం ప్రకారం రికార్డింగుల కాపీహక్కు 50 ఏళ్లకే తీరిపోయింది. అందువల్ల ఈ ఆల్బమ్‌ను ఎవరైనా ముద్రించవచ్చు. అసలు టేపు వాళ్ల చేతిలో ఉండదు.

డెసిబెల్:

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాశారు, ఒక్కరూ శబ్దం సమం చేశామని చెప్పలేదు. ఈ చర్చలో నాకున్న బాధ అంతా అదే.

ఒకే పాట రెండు ముద్రణల్లో ఒకటి రవ్వంత గట్టిగా మోగినా, మన చెవి దాన్ని గట్టిదని గుర్తించదు, మంచిదని గుర్తిస్తుంది. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు కింది స్వరాలూ బాగా పై స్వరాలూ మనకు సరిగా వినపడవని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. శబ్దం పెంచగానే బేస్ నిండుగా, తాళాలు మెరుపుగా అనిపిస్తాయి. రీమాస్టర్ బేస్ బాగుంది అని రాసేవారిలో చాలామంది వింటున్నది వాల్యూమును. పాతటేపు గారికి నచ్చని సీడీని కూడా శబ్దం తగ్గించి పక్కదానితో సమం చేసి వింటే, అందులో నిజంగా పోయిందేమిటో, ఉత్త మోత వల్ల విసుగు పుట్టించిందేమిటో విడివిడిగా తెలుస్తాయి.

తంబూర గారూ, ఎల్పీని కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి. రెండు ఫైళ్లలోనూ ఒకే చోటు తీసుకొని సగటు శబ్దాన్ని సమానం చేయండి. తేడా డెసిబెల్‌లో పదో వంతో, మహా అయితే పదిలో రెండు వంతులో దాటకూడదు. తర్వాత ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, ఏది వేస్తున్నారో మీకు చెప్పకుండా మార్చి మార్చి వేయమనండి. శ్రుతి తేడా వల్ల మీరు ‘సో వాట్’ను ఇట్టే పట్టేస్తారు కాబట్టి రెండో వైపు పాటతో చేయండి.

గాడిముల్లు:

డెసిబెల్ గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను ఎప్పుడూ సమం చేసి వినలేదు. 2022 జులైలో ఒక వార్త వచ్చినప్పుడు నాకు పెద్ద దెబ్బే తగిలింది. మొబైల్ ఫిడెలిటీ కంపెనీ ఎల్పీలను టేపు నుంచి నేరుగా కోసినవని నమ్మి నేనూ నాలాంటివారూ ఎక్కువ ధర పెట్టి కొన్నాం. మధ్యలో డిజిటల్ నకలు ఉందనీ, ఆ పద్ధతి అప్పటికి పదేళ్లకు పైగా నడుస్తోందనీ తేలింది. కంపెనీ క్షమాపణ చెప్పింది. అన్నేళ్లూ మా చెవులు ఆ నకలును పట్టుకోలేదు. డిజిటల్ అంటేనే చెడ్డదన్న మాట ఆ రోజు నుంచి నేను అనడం మానేశాను.

కానీ ఒక విషయంలో మాత్రం తగ్గను. రీమాస్టర్ పేరిట టేపు బుసను, అంటే టేపు నుంచి వెనక సన్నగా వినపడే సవ్వడిని, తుడిచేయడం నేరం. బిల్ ఎవాన్స్ త్రయం 1961 జూన్ 25న న్యూయార్కు జాజ్ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్‌లో వాయించిన రికార్డింగు వినండి. పియానో మెల్లగా దిగే చోట గాజుగ్లాసులు తగులుకుంటాయి, వెనక ఎవరో మాట్లాడుకుంటారు, ఒకరు నవ్వుతారు. ఆ బల్లల మధ్య స్కాట్ లఫారో బేస్ పలుకుతోంది. పదకొండు రోజుల తర్వాత కారు ప్రమాదంలో పోయాడు, నిండా పాతికేళ్లవాడు. ఆ గదిలో నుంచి ఒక్క గ్లాసు చప్పుడు తీసేసినా నేను సహించను. బుసను జల్లెడ పట్టే యంత్రానికి బుసా, తాళం మోత సన్నగిల్లే తోకా ఒకటే. రెండూ పై స్వరాల్లోనే ఉంటాయి, రెండింటినీ కలిపి ఊడ్చేస్తుంది.

మన పాత సినిమా పాటల సీడీ ఒకటి కొన్నాను, కంపెనీ పేరెందుకు? గొంతు దూదిలో చుట్టినట్టుంది, వయొలిన్ల మీద గాలి ఆడదు. పాట అయిపోగానే ధ్వని కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. మా ఇంట్లో గీతలు పడిన ప్లేటులో అదే పాట చివర వేణువు ఊపిరి వినపడుతుంది.

పాతటేపు:

ఈ మాట మీద మనిద్దరం ఒకటే. నేను రీమాస్టర్‌ను మెచ్చుకునేది కూడా బుస ఉంచినప్పుడే.

తంబూర:

వారం పట్టింది. డెసిబెల్ గారు చెప్పినట్టే చేశాను. మా చెల్లెలు పాట మార్చింది, నేను కళ్లు మూసుకొని కూర్చున్నాను. ‘ఆల్ బ్లూస్’లో నేను అంత గట్టిగా చెప్పిన తేడాలు చాలావరకు పోయాయి. పన్నెండుసార్లలో ఎనిమిదిసార్లు సరిగా గుర్తుపట్టాను. అందులోనూ రెండుసార్లు గాడి చిటపట విని పట్టుకున్నదే, కాబట్టి దాన్ని గొప్పగా చెప్పుకోను. మిగిలిన తేడా ఏమిటంటే, సీడీలో బేస్ అంచు స్పష్టంగా ఉంది, ఎల్పీలో మైల్స్ ట్రంపెట్ చుట్టూ ఉన్న గది ఇంకా కొంచెం పెద్దదిగా తోచింది. ఆ గది విషయంలో గాడిముల్లు గారు చెప్పిందే నిజం కావచ్చు, పాత మిక్స్‌లోని ప్రతిధ్వని పాళ్లు వేరు.

తర్వాత పరీక్షలన్నీ పక్కన పెట్టి ‘సో వాట్’ సీడీ మరోసారి వేశాను. మైల్స్ ఏకవాదనం మొదలయ్యే చోట డ్రమ్ములు వాయించే జిమీ కాబ్ తాళం మీద ఒక్క దెబ్బ వేస్తాడు కదా, అనుకున్నదానికంటే కాస్త గట్టిగా పడినట్టుంటుంది. ఆ మోత సన్నబడుతూ సన్నబడుతూ ట్రంపెట్ మొదటి పలుకుల వెనక ఎంతసేపు బతికి ఉంటుందో వేలు మడిచి లెక్కపెట్టాను. కింద టేపు బుస అలాగే ఉంది, తాళం తోక అందులోకి జారిపోయింది. శ్రుతిపెట్టె పక్కనే రెండు శ్రుతిలో మోగుతోంది.

ఇకపై నేను మొదటి వైపు సీడీలో, రెండో వైపు ఎల్పీలో వింటాను.

గాడిముల్లు:

ఆదివారం నా ఎల్పీ రెండో వైపుకు నేనూ ఐదు శ్రుతి పెట్టి చూస్తాను, టర్న్‌టేబుల్ సంగతి తేలుతుంది. మొదటి వైపు ఆడేటప్పుడు మాత్రం శ్రుతిపెట్టె ముట్టుకోను. ముప్పై ఏళ్లుగా ఆ పాట నాకు ఆ ఎత్తులోనే వినపడుతోంది.