1762 నాటి పట్టా ఉంది, స్కాట్లండ్‌లో సొంతూరు పట్టుకోవడం ఎలా?

తెనాలి అమ్మాయి, రాలీ:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. మా ఆయనవాళ్లది నార్త్ కరోలినాలో హార్నెట్ కౌంటీ. వాళ్ల మూలపురుషుడు స్కాట్లండ్ నుంచి వచ్చాడని ఇంట్లో అందరూ చెప్తారు. ఏ ఊరంటే మాత్రం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. అత్తగారికి 82 ఏళ్లు. ఆవిడ ఓపికగా ఉన్నప్పుడే ఆ ఊరి పేరు కనుక్కుని చెప్పాలని నా పట్టుదల.

1762లో అక్కడి అప్పర్ లిటిల్ రివర్ పక్కన 150 ఎకరాలకు బ్రిటన్ రాజు పేరున ఇచ్చిన పట్టా నకలు ఉంది. ఇంట్లో పాత బైబిల్ ఉంది, పిల్లల పేర్లు వరసగా రాసి ఉన్నాయి, పెద్దకొడుకు పుట్టింది 1741 ఫిబ్రవరి 9 అని. అక్కడే బార్బెక్యూ అనే చర్చి శ్మశానంలో మనవడి సమాధి రాయి ఉంది. 1746లో స్కాట్లండ్ తిరుగుబాటుదారులు ఓడిపోయిన కల్లోడెన్ యుద్ధంలో ఆయన పట్టుబడితే ఖైదీగా ఓడెక్కించారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ఓడ జాబితా కోసం రాత్రుళ్లు కూర్చుని వెతికినా దొరకలేదు. ఆన్‌లైన్ వంశవృక్షాల్లోనేమో ఆయన్ని ఏకంగా ఓ కోట దొర కొడుకుని చేసేశారు. ఇంటిపేరు మాక్‌తో మొదలవుతుంది, మొత్తం రాయడం అత్తగారికి ఇష్టం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

షార్లట్ నుంచి ఒక తమ్ముడు:

అక్కా, ఓడ జాబితాలు వదిలెయ్. అమెరికాకి వచ్చే ఓడలన్నీ ప్రయాణికుల పేర్లు ఇవ్వాలన్న చట్టమే 1819లో వచ్చింది. అంతకుముందు 1773 చివర నుంచి 1775 దాకా స్కాట్లండ్ రేవుల్లో కస్టమ్స్ అధికారులు వలసపోయేవాళ్ల పేరూ ఊరూ, ఎందుకు పోతున్నారో కూడా రాశారు కానీ, మీవాళ్లకి అప్పటికే ఇక్కడ పొలం ఉంది.

కల్లోడెన్ కథ ఆధారం దొరికేదాకా నమ్మొద్దు. 1746 తర్వాత ఖైదీల్ని పంపింది ఎక్కువగా మేరీల్యాండ్, వర్జీనియా, వెస్టిండీస్ వైపు. ఈ కేప్ ఫియర్ నది ప్రాంతానికి 1739లోనే స్కాట్లండ్ పడమటి తీరంలోని ఆర్గైల్ నుంచి 350 మంది దాకా వచ్చి దిగారు. కోట దొర సంగతి కూడా అంతే. దొర కింద బతికిన కౌలురైతులు చాలామంది ఆయన ఇంటిపేరే పెట్టుకున్నారు, పేరు కలిసినంత మాత్రాన రక్తం కలవదు.

కేరీలో ఉంటున్న రిటైర్డ్ సర్వేయర్:

అమ్మా, నేను అనంతపురం జిల్లాలో సర్వే శాఖలో పనిచేశాను. ఇప్పుడు మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నీ చేతిలో ఉన్న పట్టా ఆఖరి కాగితం. దానికి ముందు దరఖాస్తు, వారంటు (అంటే భూమి కొలవమని ఇచ్చే ఉత్తర్వు), సర్వే ప్లాటు (కొలిచి గీసిన పటం) ఉంటాయి. రాలీలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఆ ఫైలు అడుగు. ప్లాటు కింద సర్వేయరు సంతకం పక్కన కొలత గొలుసు లాగిన ఇద్దరి పేర్లు ఉండొచ్చు. ఆ పేర్ల కోసమే వెళ్లు. గొలుసు పట్టడానికి సాధారణంగా భూమి తీసుకునేవాడే తన అన్ననో బావమరిదినో పక్క పొలం మనిషినో వెంటబెట్టుకుని వచ్చేవాడు.

అది మేము వాడిన గుంటర్ గొలుసే, 66 అడుగులు, 100 లింకులు. మన సర్వే శాఖ పొలం కొలతల పుస్తకం, అదే ఎఫ్‌ఎంబీ, చదివినవాళ్లకి ఆ ప్లాటు కొత్తగా అనిపించదు. పోల్ అనే కొలత ఉంటే నాలుగు పోల్స్‌కి ఒక గొలుసు. హద్దుల్లో ఫలానా పైన్ చెట్టు, ఫలానావాడి లైను అని రాస్తారు. ఆ ఫలానావాడి పట్టా కూడా తియ్యి, వాడి పక్కవాడిదీ తియ్యి, అన్నీ ఒకే కొలతలో గీసి అతికించు. వాగు వెంట ఆ జనమంతా ఎలా సర్దుకున్నారో కనబడుతుంది. వాళ్లు చుట్టాలతో వచ్చి చుట్టాల పక్కనే దిగారు. నీ మనిషి ఊరు ఎక్కడా రాసి లేకపోయినా, పక్క పొలంవాడి వీలునామాలోనో సమాధి మీదో ఆర్గైల్‌లోని జూరా అనో కింటైర్ అనో ఊరి జాడ ఉండొచ్చు.

హార్నెట్ కౌంటీ పుట్టిందే 1855లో. అంతకుముందు ఆ ప్రాంతం కంబర్లాండ్ కౌంటీలో ఉండేది, కాబట్టి నువ్వు చూడాల్సింది కంబర్లాండ్ రికార్డులు, 1754కి ముందువైతే బ్లేడెన్ కౌంటీవి.

బైబిల్ తేదీ దగ్గర జాగ్రత్త. ఇక్కడ 1752 దాకా మార్చి 25న కొత్త సంవత్సరం, స్కాట్లండ్‌లో 1600 నుంచే జనవరి 1న. ఆ ఫిబ్రవరి ఇక్కడి లెక్కన రాసిందైతే మన లెక్కకి 1742. రెండేళ్లూ వెతుకు. అక్కడ పుట్టిన పిల్లాడైతే చర్చి రిజిస్టర్లు స్కాట్లండ్స్‌పీపుల్ సైటులో ఉన్నాయి. స్కాట్లండ్ కొండప్రాంతమైన హైలాండ్స్‌లో చాలా చర్చిల రిజిస్టర్లు ఆలస్యంగా మొదలయ్యాయి, పేరు లేకపోతే మనిషి లేడనుకోకు. కౌలురైతులు భూమి రిజిస్టర్లలో కనబడరు, ఎస్టేటు శిస్తు లెక్కల్లో చూడాలి.

తెనాలి అమ్మాయి, రాలీ:

సర్వేయర్ గారూ, ప్లాటు దొరికిందండీ! మడతల దగ్గర చిరిగి ఉంది కానీ కింద పేర్లు చదవగలిగాను. గొలుసు లాగినవాళ్లలో ఒకరిది మావాళ్ల ఇంటిపేరే. రెండో ఆయన ఇంటిపేరు వేరు, కానీ ఆయన పేరే బైబిల్లో రెండో కొడుక్కి ఉంది.

కేరీలో ఉంటున్న రిటైర్డ్ సర్వేయర్:

శభాష్ తల్లీ! స్కాట్లండ్ వాళ్లు పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు పెట్టడం ఆనవాయితీ. అందరూ పాటించలేదు గానీ, ఆ రెండో ఆయన మీ మూలపురుషుడి భార్య పుట్టింటి మనిషి అయ్యుండాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆయన వీలునామా కంబర్లాండ్‌లో ఉందేమో చూడు. అందులో కూతురు పేరు తగిలితే ఇద్దరి ఇంటిపేర్లూ కలిపి స్కాట్లండ్ రిజిస్టర్లలో పెళ్లి వెతకొచ్చు.

తెనాలి అమ్మాయి, రాలీ:

వచ్చేవారం వీలునామాల కోసం వెళ్తున్నా. అత్తగారు కూడా వస్తానంటున్నారు.