ట్రాము ‘కమ్మి’ అంటే తీగా, పట్టానా?

అలిపిరి వాసి:
మా తాత మద్రాసులో చదువుకున్నాడు, 1953లో అక్కడ ట్రాములు ఆగిపోకముందు. కుదురుగా ఉన్న పని ఎవరైనా మానేస్తే "కమ్మి వదిల్తే ట్రాము బండి గాదు, ఇల్లు" అనేవాడు. తరువాత బస్సు మీద ఇంకో ముక్క ఉంది, ఎంతకీ గుర్తు రావట్లేదు. నిన్న టీ బంకులో తిరుపతికి చవక ట్రాము మేలా, బస్సులే చాలా అని గొడవ పడుతుంటే ఈ మాట అన్నాను, ‘కమ్మి’ అంటే ఏది అని పట్టుకున్నారు. కింది పట్టానా, పైన కరెంటు తీగా?

నగరి పిల్ల:
తీగే అన్నా. అరవం కలిసిన మా నోళ్లకు కంబి అంటే తీగ. ట్రాము నెత్తిన కరెంటు అందుకునే గడ ఉంటుంది, దాని కొన తీగ మీదినుంచి జారితే ట్రాము నడిరోడ్డులో నిలబడిపోతుంది, తాడు లాగి మళ్లీ తగిలించాల్సిందే.

పాత చిత్తూరు:
ఒప్పుకోను. కిటికీ కమ్మీని తీగ అంటామా? మా అవ్వ రైలు పట్టాలను కమ్మీలు అనేది. తాడు లాగితే కదిలేది ఇల్లు ఎట్లవుతుంది? పట్టా తప్పితేనే ఇల్లు. చవక ట్రాము అంటున్నారే, ఇంగ్లండులో కోవెంట్రీ వాళ్లు చేస్తున్నదానికి పైన తీగే లేదు, బ్యాటరీ. ఖర్చు తగ్గించేదీ కమ్మి దగ్గరే: కింద పలక 30 సెంటీమీటర్ల లోతుకు మించకుండా వేస్తే భూమిలోని పైపులూ కేబుళ్లూ కదిలించే పని చాలావరకు తప్పుతుందని. తీగ లేకున్నా ట్రాము ట్రామే, కమ్మి లేకుంటే బస్సు.

నగరి పిల్ల:
తాత కాలంలో బ్యాటరీ ట్రాము యాడుంది సార్?

వ్యాకరణం పిచ్చి:
బస్సును వదిలేశారు మీరు. లాటిన్‌లో ‘ఆమ్నిబస్’ అంటే అందరి కొరకు. ప్రకృతి, అంటే అసలు మాట, రాలిపోయి ప్రత్యయం మిగిలింది! మనం రోజూ ఎక్కేది కొరకున్, కై... చతుర్థీ విభక్తి. పోతన గజేంద్రుడు చూడండి, ‘ఎవ్వనిచే’ తృతీయ, ‘లోపల’ షష్ఠి, ‘అందు’ సప్తమి, చతుర్థి మాత్రం ఆ పద్యంలో లేదు.

పాత చిత్తూరు:
‘లోపల’ షష్ఠి అనేది సూత్రానికి, అర్థానికి సప్తమే. పాత గొడవ మళ్లీ ఎత్తకండి.

కొర్లగుంట:
ప్రత్యయం సరే, సీటు యాడ? కొండకు 2022 నుంచి కరెంటు బస్సులు పోతున్నాయి, తీగా లేదు కమ్మీ లేదు. ఊళ్లో రోడ్డు తవ్వితే బస్సు పక్క సందులో పడి పోతుంది. గరుడసేవ రోజు ట్రాము ముందర ఒక్క ఆటో అడ్డం పెట్టండి, తాత చెప్పిన ఇల్లు కళ్లారా చూడొచ్చు. అయితే ఒక్క డ్రైవరుతో అంతమందిని మోసేది ట్రామే, అది కాదనను.

అలిపిరి వాసి:
ఇప్పుడే అత్తకు ఫోన్ చేశాను. తాత అన్నది ‘కమ్మి’ కాదంట, ‘కొమ్ము’ అంట!

నగరి పిల్ల:
చెప్పానా! నెత్తిన గడే కొమ్ము.

పాత చిత్తూరు:
మీ అత్త ట్రాము ఎక్కిందా అసలు?