2022 నుంచి అడవి పచ్చదనం ఒక్కసారిగా పడిపోయినట్లు ఉపగ్రహ డేటా చూపుతోంది, నమ్మవచ్చా?

ప్రశ్న (అడవిచూపు):

నేను రిమోట్ సెన్సింగ్‌లో కొత్తగా అడుగుపెట్టిన పరిశోధక విద్యార్థిని. ఒక కొండప్రాంతపు సతతహరిత అడవిలో పచ్చదనం ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవడానికి, సెంటినెల్-2 ఉపగ్రహాలు 2018 నుంచి 2023 వరకు తీసిన చిత్రాలను దించుకుని, ప్రతి చిత్రానికీ ఎన్‌డీవీఐ (మొక్కల పచ్చదనాన్ని తెలిపే సూచిక, ఎక్కువగా ఉంటే పచ్చదనం ఎక్కువ) లెక్కగట్టాను. మొదటి నాలుగేళ్లు సగటు 0.7 దగ్గర నిలకడగా ఉంది. 2022 జనవరి చివరి వారం నుంచి మాత్రం అది 0.45 దాకా పడిపోయి, మళ్లీ పైకి లేవలేదు. ఆ సమయంలో అక్కడ కార్చిచ్చు గానీ, నరికివేత గానీ, కరవు గానీ నమోదు కాలేదు. ఇది నిజంగా అడవిలో వచ్చిన మార్పేనా? కాకపోతే, స్వయంగా వెళ్లి చూడలేని చోట్ల ఉపగ్రహం ఇచ్చే అంకెను ఎంతవరకు నమ్మాలి?

సమాధానం 1 (పాతఫైలు):

మీ అడవికి బహుశా ఏమీ కాలేదు. 2022 జనవరి 25న ఐరోపా అంతరిక్ష సంస్థ సెంటినెల్-2 చిత్రాలను సిద్ధం చేసే పద్ధతిని మార్చి, 04.00 సంఖ్య గల ప్రాసెసింగ్ బేస్‌లైన్‌ను అమల్లోకి తెచ్చింది. అప్పటి నుంచి ప్రతి పిక్సెల్ విలువకూ 1000 కలిపి భద్రపరుస్తున్నారు. లోతైన నీరు, దట్టమైన నీడ వంటి చీకటి చోట్ల పరికరంలోని నాయిస్ (కొలతలో వచ్చే చిన్నపాటి అవాంఛిత హెచ్చుతగ్గులు) వల్లనో, వాతావరణ ప్రభావాన్ని తీసివేసే క్రమంలోనో విలువ సున్నా కంటే కిందికి పోతూ ఉంటుంది. పాత పద్ధతిలో అలాంటి విలువలు నష్టపోయేవి, 1000 కలపడం వల్ల ఇప్పుడు నిలుస్తున్నాయి. అయితే కలిపిన దాన్ని వాడేవారే తీసివేసుకోవాలి. ఈ సంగతి చిత్రంతో పాటు వచ్చే, దాని వివరాలుండే మెటాడేటా ఫైలులో రాసే ఉంటుంది, కానీ ఆ ఫైలును తెరిచే ఓపిక మనలో ఎందరికి ఉంది!

దీని ప్రభావం మీ లెక్కలో ఎలా పడిందో చూడండి. సమీప పరారుణ బ్యాండు (కంటికి కనిపించని ఒక రకం కాంతి కొలత) విలువ 3000, ఎరుపు బ్యాండు విలువ 500 అనుకుంటే, వాటి తేడా 2500, మొత్తం 3500, భాగిస్తే ఎన్‌డీవీఐ 0.71. రెండింటికీ 1000 చొప్పున కలిస్తే తేడా 2500గానే ఉంటుంది గానీ మొత్తం 5500 అవుతుంది, ఫలితం 0.45కు దిగుతుంది. మీ గ్రాఫులో కనిపిస్తున్న పతనం దాదాపుగా ఇదే.

తీసివేసే ముందు ఒక జాగ్రత్త అవసరం. పాత చిత్రాలను కూడా ఆ సంస్థ కొత్త పద్ధతిలో మళ్లీ తయారుచేస్తూ వచ్చింది కాబట్టి, చిత్రం తీసిన తేదీని చూసి నిర్ణయించకండి. ఫైలు పేరులో ఎన్ అక్షరం వెంట ఉండే నాలుగు అంకెలు బేస్‌లైన్‌ను తెలుపుతాయి. అవి 0400 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే 1000 తీసివేయాలి. ఉపగ్రహ చిత్రాలను ఆన్‌లైన్‌లోనే విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో అయితే ‘హార్మనైజ్డ్’ అని పేరున్న సంకలనంలో ఈ సవరణ ముందే చేసి ఉంటుంది.

సమాధానం 2 (మబ్బుచాటు):

రెండో సందేహం గురించి రాస్తాను. ఉపగ్రహం పచ్చదనాన్ని కొలవదు. తన మీద పడిన కాంతిని మాత్రమే కొలుస్తుంది, దాన్ని పచ్చదనంగా మార్చేది మన లెక్క. ఆ లెక్కలోని ప్రతి మెట్టులోనూ ఎవరో ఒకరి నిర్ణయం దాగి ఉంటుంది.

అంటార్కిటికా ఓజోన్ రంధ్రం ఇందుకు మంచి ఉదాహరణ. 1978లో ఎగిరిన నింబస్-7 ఉపగ్రహం ఓజోన్‌ను రోజూ కొలుస్తూనే ఉంది, అయినా 1985లో ఆ తరుగుదలను ముందుగా ప్రకటించింది మాత్రం అంటార్కిటికాలోని హాలీ కేంద్రంలో నేల మీది పరికరంతో కొలుస్తూ వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్తలు. ఉపగ్రహ డేటాను కంప్యూటర్ పారేసిందని ఈ కథను తరచూ చెబుతారు గానీ, అది పూర్తిగా నిజం కాదు. 180 డాబ్సన్ యూనిట్ల (గాలిలో ఓజోన్ ఎంత ఉందో కొలిచే ప్రమాణం) కంటే తక్కువగా వచ్చిన విలువలకు అనుమానాస్పదమని గుర్తు పడేలా ప్రోగ్రామును రాశారు, విలువలు ఆర్కైవులో భద్రంగానే ఉన్నాయి. అందుకే తర్వాత వాటిని తిరగదోడి, రంధ్రం ఎంత విశాలమైనదో పటాలుగా గీయగలిగారు. ఆ విస్తృతిని నేల మీది ఒక్క కేంద్రం ఎన్నటికీ చూపలేదు. కాబట్టి ప్రాసెస్ చేసిన ఫలితాన్ని మాత్రమే కాక ముడి డేటానూ దాచుకోవడం ముఖ్యమని నేను భావిస్తాను.

ఇక పరికరాలు పాడవుతాయి కూడా. 2003 మే చివర అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్-7లో ఒక భాగం చెడిపోవడంతో, అప్పటి నుంచి దాని ప్రతి చిత్రంలోనూ సుమారు 22 శాతం ఖాళీ చారలుగా మిగిలిపోయింది. మబ్బుల సమస్య మీకు తెలిసే ఉంటుంది: ఏ క్షణంలో చూసినా భూమిలో దాదాపు మూడింట రెండు వంతులను మేఘాలు కప్పి ఉంటాయి.

అడిగినవారు (అడవిచూపు):

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫైలు పేర్లను బట్టి సవరించాక సగటు మళ్లీ 0.7కు చేరింది. అయితే పడమటి వాలున ఒక చిన్న భాగంలో మాత్రం 2022 డిసెంబరు నుంచి 0.6 దగ్గరే ఆగిపోయింది. ఇదీ లెక్కలోని లోపమేనా?

సమాధానం 3 (పాతఫైలు):

ఆఫ్‌సెట్ (విలువలకు కలిపిన ఆ 1000) అయితే ఒక్క వాలును ఎంచుకోదు. ఈ ఉపగ్రహాలు స్థానిక కాలమానం ప్రకారం ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటుతాయి. సూర్యుడు వాలుగా ఉండే నెలల్లో ఆ వేళకు పడమటి వాలు నీడలో ఉండవచ్చు. అందువల్ల డిసెంబరును జూన్‌తో కాక, అంతకుముందరి డిసెంబర్లతోనే పోల్చండి. ఆ పోలికలోనూ తగ్గుదల నిలిస్తే, అదే కాలానికి ల్యాండ్‌శాట్-8, 9 చిత్రాలను తీసుకుని చూడండి. వాటిని తయారుచేసే సంస్థ వేరు, పద్ధతి వేరు. అక్కడా అదే కనిపిస్తే, ఆ భాగానికి ఎవరినైనా పంపి చూపించవలసిందే.