అప్‌డేట్: నాన్న పుస్తకం ఇంటికొచ్చింది
పోయిన నెల అడిగాను గుర్తుందా, పుస్తకాలు మార్చుకునే మా బ్యాచ్‌లో ఒకావిడ నా నవల తీసుకుని ఆరు నెలలైనా ఇవ్వట్లేదు, మార్జిన్లలో నాన్న పెన్సిల్ రాతలున్నాయి, స్నేహం చెడకుండా ఎలా అడగాలని? మీరన్నట్టే నేరుగా ఫోన్ చేశాను. పాపం, వానకు అట్ట తడిసిపోయిందట, మొహం చెల్లక ప్రతి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో ఇంకో కాపీ కోసం వెతుకుతున్నారట! పేజీలు కాస్త ఉబ్బాయి గానీ రాతలు అలాగే ఉన్నాయి (పెన్సిల్ కాబట్టి సరిపోయింది, ఇంకు అయితే అలుక్కుపోయేది). ఇస్తూ, "112వ పేజీలో మీ నాన్నగారు హీరోని తిట్టారు చూశారా, నేనూ అక్కడే తిట్టుకున్నానండీ" అన్నారు. నేనైతే ఆ పేజీ ఎప్పుడూ గమనించలేదు. ఈ ఆదివారం ఇద్దరం అబిడ్స్ వెళ్తున్నాం, బేరం ఆవిడే ఆడతారట.