పక్కింటి మలీద తినడం తప్పా? దయచేసి చెప్పండి

అందరికీ వందనాలు. మాది హన్మకొండ, మేం క్రైస్తవులం. సద్దుల బతుకమ్మ రాత్రి పక్కింటి అత్తమ్మ స్టీలు గిన్నెలో మలీద తెచ్చింది, బతుకమ్మకు నైవేద్యం పెట్టిన రొట్టె-బెల్లం ముద్దలు. మూత తీస్తే బెల్లం, నెయ్యి వాసన. మా బాబుకు జ్వరమొస్తే రాత్రంతా మాతో మేలుకున్న మనిషి ఆమె. తిన్నాను. అది చూసి మా అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

బైబిల్లో గలతీ 5లో అపొస్తలుడు పౌలు, క్రీస్తు మనల్ని స్వతంత్రుల్ని చేశాడు, ఆ స్వాతంత్ర్యంతో ప్రేమగా ఒకరికొకరు సేవ చేయమంటాడు. 1 కొరింథీ 8లోనేమో విగ్రహాలకు అర్పించిన తిండి గురించి చెబుతూ, విగ్రహం వట్టిదే అంటూనే, తన తిండి వల్ల సహోదరుడు తొట్రిల్లితే మాంసమే తిననంటాడు. నేను మోషే ధర్మశాస్త్రం కింద లేనని నమ్ముతున్నాను. కానీ ఇక్కడ ప్రేమ ఎవరి వైపు? అమ్మ వైపా, అత్తమ్మ వైపా? వచ్చే ఏడు గిన్నె వస్తే ఏం చేయాలి? ఇలాంటి పరిస్థితి దాటినవాళ్లు ఏం చేశారో చెప్పండి.