ఒక్కసారే కాల్చే ఉస్మానియాను ‘బిస్కెట్’ అనవచ్చా?

రస్కుప్రియ: బిస్కెట్ అనే మాటకు మూలం లాటిన్‌లో ఉంది. ‘బిస్’ అంటే రెండుసార్లు, ‘కోక్టుస్’ అంటే వండినది. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు, అక్కణ్ణుంచి మనకూ వచ్చింది. ఆ లెక్కన అసలు బిస్కెట్ మన రస్కే. బ్రెడ్డు కాల్చి, పూర్తిగా చల్లార్చి, 12–15 మి.మీ. మందాన కోసి, 140 డిగ్రీల దగ్గర అరగంటకు పైగా మళ్ళీ ఎండబెడతాం. వేడి మీద కోస్తే ముక్క చిదురైపోతుంది. ఉస్మానియా బట్టీలోకి వెళ్ళేది ఒక్కసారే. దాన్ని బిస్కెట్ అనడం తప్పంటాను.

వెన్నముద్ద: రస్కుప్రియ గారూ, రెండోసారి ఎందుకు కాల్చేవారో కూడా చూడండి. ఓడలో నెలల తరబడి బూజు పట్టకూడదని. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో బిస్కెట్ అంటే సముద్ర ప్రయాణానికి చేసే గట్టి ఎండు రొట్టె. దూర ప్రయాణాలకైతే నాలుగుసార్లు కాలుస్తారని అక్కడే ఉంది. అంటే లెక్క ముఖ్యం కాదు, తడి పోవడం ముఖ్యం. మందపాటి రొట్టెను ఒకే వాయిలో ఎండబెట్టాలని చూస్తే నడుమ తడి పోయేలోపు పైన మాడుతుంది. ఉస్మానియా పలచన. పిండిలో వెన్న, చక్కెర ఎక్కువ, పాలు తడిపేంతే. 170 డిగ్రీల దగ్గర 12–15 నిమిషాల్లో ఆ పని ఒక్క వాయిలోనే అయిపోతుంది. తప్పెక్కడుంది?

డాలస్_వంటిల్లు: తడి పోవడమే గుర్తయితే అమెరికా బిస్కెట్‌ను ఏమంటారు? ఇక్కడ అది మెత్తగా, పొరలు పొరలుగా ఉండే చిన్న రొట్టె. 250 గ్రాముల మైదా, టేబుల్ స్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ ఉప్పు, 85 గ్రాముల చల్లటి వెన్న, 180 మి.లీ. మజ్జిగ, 220 డిగ్రీల దగ్గర 12–15 నిమిషాలు. వెన్న కరిగిపోతే పొరలు రావు. గుండ్రంగా కోసేటప్పుడు అచ్చు తిప్పితే అంచులు అతుక్కుని పొంగదు. మనం బిస్కెట్ అనేదాన్ని ఇక్కడ కుకీ అంటారు. అది డచ్చి వాళ్ళ ‘కూక్యే’, చిన్న కేకు అని. అందుకే మూలాన్ని బట్టి తీర్పు చెప్పడం నాకు నచ్చదు. ఏ ఊళ్ళో ఏ వస్తువును అలా పిలుస్తారో అదే అర్థం.

రస్కుప్రియ: వాడుకే అర్థమైతే చట్టం రెండింటినీ ఎందుకు విడదీసింది? 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రస్కుకు 5 శాతం, బిస్కెట్‌కు 18 శాతం వేశారు.

వెన్నముద్ద: అది నా వైపు సాక్ష్యమండీ! రెండుసార్లు కాల్చినదాన్ని చట్టం బిస్కెట్ల పద్దులో పెట్టలేదు, కాల్చిన బ్రెడ్డుతో కలిపింది. 2025 సెప్టెంబరు నుంచి బిస్కెట్ మీదా 5 శాతమే, పేర్లు మాత్రం వేరుగానే ఉన్నాయి. 1991లో బ్రిటన్‌లో జాఫా కేకులు (మెత్తటి అడుగు మీద నారింజ జెల్లీ, చాక్లెట్ ఉండే చిరుతిండి) కేకులా, బిస్కెట్లా అన్న పన్ను కేసులోనూ ఎన్నిసార్లు కాల్చారన్నది తేల్చే ప్రశ్న కాలేదు. నిల్వ ఉంటే కేకు గట్టిపడుతుంది, బిస్కెట్ మెత్తబడుతుంది అన్నది అక్కడ చూసిన గుర్తుల్లో ఒకటి. జాఫా గట్టిపడింది, కేకని తేల్చారు. ఉస్మానియాను ఒక పూట మూత లేకుండా ఉంచండి, మెత్తబడుతుంది.

రస్కుప్రియ: ఆ గుర్తు ఒప్పుకుంటాను. కానీ రస్కూ మెత్తబడుతుంది కదా, దాన్నీ బిస్కెట్ల వరుసలోనే నిలబెట్టాలి.

డాలస్_వంటిల్లు: మెత్తబడిన ఉస్మానియాను 140 డిగ్రీల దగ్గర 6–8 నిమిషాలు పెట్టి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేయండి. వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి మళ్ళీ మొదటికొస్తుంది.