థీసిస్‌లో రిఫరెన్సుల అంకెలు తారుమారయ్యాయి, ఏం చేయాలి?

ప్రశ్న (కమ్యూనిటీ మెడిసిన్ పీజీ విద్యార్థిని, విశాఖపట్నం):
అందరికీ నమస్కారం. గర్భిణుల్లో రక్తహీనతపై నేను రాస్తున్న థీసిస్‌ను గైడు మేడమ్ నిన్న తిప్పి పంపారు. వాంకూవర్ పద్ధతిలో, అంటే పాఠంలో వచ్చే వరుసను బట్టి అంకెలు వేస్తూ, 84 రిఫరెన్సులు ఇచ్చాను. ఉపోద్ఘాతంలో ఆఖరి నిమిషంలో ఒక పేరా చేర్చడంతో 9 తర్వాతి అంకెలన్నీ జరపవలసి వచ్చింది. చేత్తో మారుస్తూ పోతే 31 దగ్గర ఒకటి జారిపోయి, అక్కడి నుంచి ఒకరి మాటకు మరొకరి వ్యాసం అంటుకుంది. రెండో తప్పు ఇంకా ఇబ్బందికరమైనది. మన దేశంలో గర్భిణుల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ఒక సమీక్షా వ్యాసంలో చదివి, ఆ వ్యాసం చూపిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదికనే నా రిఫరెన్సుగా పెట్టాను. మేడమ్ దాని పక్కన ఎర్ర సిరాతో "చూశారా?" అని మాత్రమే రాశారు. నిజానికి చూడలేదు. దాని బదులు సమీక్షా వ్యాసాన్నే ఉదహరిస్తే సరిపోతుందా?

జవాబు (వైద్య గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన వ్యక్తి):
అమ్మా, 84 అంకెలను చేత్తో జరపకండి. రిఫరెన్సులను సర్దిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. వర్డ్‌లో దానితో రిఫరెన్సులు చేరిస్తే మధ్యలో ఏ పేరా వచ్చినా అంకెలు వాటంతటవే సర్దుకుంటాయి. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్ నగరంలో సమావేశమైనందువల్ల ఈ పద్ధతికి ఆ పేరు వచ్చింది. పాఠంలో మొదట కనిపించిన వరుసలోనే అంకె ఇవ్వాలి, అదే మూలం మళ్లీ వస్తే పాత అంకెనే వాడాలి. చాలామంది పట్టికల దగ్గర తడబడతారు: పట్టికలో మాత్రమే వచ్చే రిఫరెన్సుకు, ఆ పట్టికను పాఠంలో మొదట ప్రస్తావించిన చోటును బట్టి అంకె వస్తుంది.

జవాబు (అసిస్టెంట్ ప్రొఫెసర్):
మీ రెండో ప్రశ్నే అసలైనది. 2019–21 నాటి ఆ సర్వే నివేదికను తెరిస్తే, 57 శాతం అన్నది 15–49 ఏళ్ల మహిళలందరికీ సంబంధించిన అంకె అని, గర్భిణుల్లో అది 52.2 శాతమని కనిపిస్తుంది. అంటే సమీక్షా వ్యాసాన్ని ఉదహరించినా మీ వాక్యం తప్పుగానే మిగులుతుంది. ఇలాంటి పొరపాటు ఎంత దూరం పోతుందో చెప్పడానికి నేను విద్యార్థులకు 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక లేఖను చూపిస్తుంటాను. ఆసుపత్రిలో ఉన్న రోగుల గురించి ఐదే వాక్యాల్లో రాసిన ఆ లేఖను, నల్లమందు జాతి నొప్పి మందులకు అలవాటు పడడం అరుదని చెప్పేందుకు ఏళ్ల తరబడి ఆధారంగా చూపారు. అది 608 సార్లు ఉదహరింపబడిందని 2017లో అదే పత్రికలో వచ్చిన పరిశీలన లెక్కగట్టింది. మూల ప్రతి ఎక్కడా దొరకనప్పుడు మాత్రం, మీరు చదివిన వ్యాసాన్నే ఉదహరించి, అందులో ఫలానా అధ్యయనాన్ని ప్రస్తావించారని వాక్యంలోనే రాయండి.

జవాబు (సీనియర్ రెసిడెంట్):
ఒక్కొక్క రిఫరెన్సునూ వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచిక అయిన పబ్‌మెడ్‌లో తెరిచి, ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారేమో కూడా చూడండి. హైడ్రాక్సీక్లోరోక్విన్‌పై 2020 మే నెలలో లాన్సెట్‌లో వచ్చిన వ్యాసం జూన్‌లోనే ఉపసంహరణకు గురైంది. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులైతే అలాంటి వ్యాసం అసలు ఉందో లేదో ముందు చూసుకోవాలి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
సార్, నివేదిక తెరిచి చూశాను, మీరు చెప్పినట్లే 52.2 ఉంది. అదే 57 చర్చ అధ్యాయంలోనూ రెండు చోట్ల వాడాను కాబట్టి, జగదాంబ కూడలి దగ్గర బైండింగుకు ఇద్దామనుకున్న ప్రతిని ఆపేశాను.